గ్లెన్ గూల్డ్ 31 ఏళ్లకే కచేరీలు మానేశాడు. ధైర్యమా, పారిపోవడమా?

పియానోపిచ్చి:
రాత్రి భోజనాల దగ్గర మా తమ్ముడితో మొదలైన గొడవ ఇది. తేలక ఇక్కడికి తెచ్చాను. తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు: గూల్డ్ కెనడా పియానిస్టు, 1932లో టొరాంటోలో పుట్టాడు. 22 ఏళ్ల వయసులో, 1955లో, న్యూయార్క్‌లో జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్' (ఒక బాణీ, దాని మీద ముప్ఫై రూపాంతరాలు) రికార్డు చేశాడు. మరుసటి ఏడాది అది బయటికి రాగానే పేరు మోగిపోయింది. 1957లో మాస్కోలో వాయించినప్పుడు మొదట హాల్లో చాలా కుర్చీలు ఖాళీ. విరామంలో జనం తెలిసినవాళ్లకు ఫోన్లు చేశారట, రెండో సగానికి హాలు నిండిపోయింది. అలాంటి మనిషి 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్‌లో వాయించి, 1982లో చనిపోయేదాకా మళ్లీ కచేరీ వేదిక ఎక్కలేదు. ఆ తర్వాతంతా స్టూడియో, రేడియో, టీవీ.

నా మాట: మంచి పనే చేశాడు. హాల్లో సగంమంది సంగీతం వినరు, ఎక్కడ తప్పుతాడా అని చూస్తారు. మా తమ్ముడేమో "భయమేసి మానేశాడు, దానికో సిద్ధాంతం తగిలించాడు" అంటాడు.

గోదారిగట్టు:
మీ తమ్ముడికే నా ఓటు. నేను పదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను, కర్ణాటక సంగీతం. ముందు వరుసలో ఒక పెద్దాయన "భళా" అని తల ఊపితే ఆలాపన ఇంకో రెండు నిమిషాలు సాగుతుంది. ఆయన వాచీ చూసుకుంటే కల్పనస్వరాలు కుదించేస్తాం. మైకు తల ఊపదు కదండీ.

శ్రుతిబాక్స్:
ఆ పోలిక ఇక్కడ కుదరదండీ. మన దగ్గర మనోధర్మం ఉంది, అక్కడికక్కడే అల్లుకుంటూ పోతాం. బాఖ్ ఫ్యూగ్‌లో (ఒకే బాణీని కొన్ని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన) ఏ స్వరం తర్వాత ఏది అన్నది కాగితం మీదే ఉంది. వాయించేవాడు తేల్చుకోవాల్సింది ఎంత వేగం, ఎంత బరువు, ఏ గొంతు పైకి వినపడాలి అన్నవే. పది రకాలుగా వాయించి చూసుకోవడానికి స్టూడియో కన్నా మంచి చోటేది?

1966లో గూల్డ్ ఒక వ్యాసంలో తన పనే ఉదాహరణగా చెప్పాడు. బాఖ్‌దే 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే సంపుటి మొదటి భాగంలో, A మైనర్ శ్రుతిలోని ఫ్యూగ్‌కి ఆరో టేకు (అంటే ఆరోసారి వాయించి రికార్డు చేసింది), ఎనిమిదో టేకు రెండూ తప్పుల్లేకుండా వచ్చాయి. తీరా వింటే ఒకటి మరీ గంభీరం, ఇంకొకటి మరీ హుషారు. ఏదీ మొదటి నుంచి చివరిదాకా నిలబడదు. వేగం మాత్రం దాదాపు ఒక్కటే. దాంతో మొదలూ చివరా ఆరోది, మధ్యలో ఎనిమిదోది పెట్టి టేపు అతికించారు. వాయిస్తున్నప్పుడు తట్టని ఆలోచన, విన్నాక తట్టింది.

గోదారిగట్టు:
అంటే కత్తెర సంగీతం. దర్జీ పని.

శ్రుతిబాక్స్:
సినిమా ఎడిటింగ్ చేస్తే కత్తెర నటన అంటున్నామా?

డల్లాస్ టీచరమ్మ:
పిల్లలకు పియానో నేర్పుతాను కాబట్టి ఒక మాట. గోదారిగట్టు గారు తన వయొలిన్ తాను పట్టుకెళ్తారు. పియానో వాళ్లకు ఊరికో పియానో, దాని మీటల బరువు వేరు, హాలు వేరు. రిసైటల్ రోజు మా పిల్లల టెన్షన్‌లో సగం అదే. గూల్డ్ మాత్రం వాళ్ల నాన్న సరిచేసి ఇచ్చిన మడత కుర్చీని ఊరూరా మోసుకెళ్లేవాడు. అది నేలకు 14 అంగుళాల ఎత్తే, గడ్డం మీటలకు తగిలేలా కూర్చునేవాడు. (మా పిల్లలెవరైనా అలా కూర్చుంటే నేనే కోప్పడతాను.)

ఇక అసలు సంగతి. 1959లో సాల్జ్‌బర్గ్‌లో జనం ముందు వాయించిన గోల్డ్‌బెర్గ్ రికార్డింగ్ ఉంది. అతుకుల్లేవు, రెండో టేకు లేదు. 1955 స్టూడియో రికార్డు కన్నా నాకు అదే ఇష్టం. అది విన్నాక "చేతకాక పారిపోయాడు" అనలేం. "వేదిక సంగీతాన్ని చెడగొడుతుంది" అని ఆయన అన్నదీ ఒప్పుకోలేం.

ఇంకొకటి. రికార్డులు అంతగా అమ్ముడవుతున్నాయి కాబట్టి మానేయగలిగాడు. మిగతావాళ్లు కచేరీలు మానేస్తే ఇల్లు గడవదు.

పియానోపిచ్చి:
టీచరమ్మ గారూ, డబ్బు సంగతి నాకు తట్టలేదు. తప్పుల మాట కూడా సగం వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో పెద్ద పియానిస్టు హొరోవిట్జ్ 12 ఏళ్లు వేదికకు దూరంగా ఉండి, 1965లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌కు తిరిగొచ్చినప్పుడు మొదట్లోనే తప్పు స్వరాలు పడ్డాయి. అయినా జనం నెత్తిన పెట్టుకున్నారు.

తమ్ముడు:
నేనే ఆ తమ్ముణ్ణి. అన్నయ్య నేనన్నది సగమే రాశాడు. వందేళ్లలో కచేరీలే ఉండవని గూల్డ్ అదే 1966 వ్యాసంలో జోస్యం చెప్పాడు కదా, ఏమైంది?

శ్రుతిబాక్స్:
2066 ఇంకా రాలేదు బాబూ.

తమ్ముడు:
సరే, ఆగుతాను.

పియానోపిచ్చి:
వీడితో ఇంట్లోనూ ఇంతే. నాకు అన్నిటికన్నా పెద్ద రుజువు 1981లో ఆయన మళ్లీ రికార్డు చేసిన గోల్డ్‌బెర్గ్. 1955లో మొత్తం 38 నిమిషాలు, 1981లో 51. మొదటి ఆరియా (మొదట్లో వచ్చే ఆ మూల బాణీ) అప్పట్లో రెండు నిమిషాల లోపే అయిపోయింది, ఇప్పుడు దాదాపు మూడు. ఏటా టికెట్టు కొన్నవాళ్ల ముందు అదే ముక్క వాయిస్తూ ఉంటే అది అంత మారేదా?

డల్లాస్ టీచరమ్మ:
ఆ 13 నిమిషాలూ నెమ్మదితనం కాదు. 1955లో వదిలేసిన పునరావృతాలు (ఒక భాగాన్ని రెండోసారి వాయించడం) కొన్ని ఈసారి వాయించాడు. మారడానికి వేదిక మానేయాలా? వయసు చాలు.

గోదారిగట్టు:
పొద్దున రెండూ విన్నాను. నా ఓటు మారలేదు. కానీ 1981 దాంట్లో పియానో వెనక ఆయన కూనిరాగం వినిపిస్తోంది, గమనించారా? టేపు ముక్కలు అంత నేర్పుగా అతికించుకునే మనిషి, దాన్ని మాత్రం వదిలించుకోలేకపోయాడు. దర్జీ మాట వెనక్కి తీసుకుంటున్నా. టీచరమ్మ గారూ, ఆ సాల్జ్‌బర్గ్‌ది ఎక్కడ దొరుకుతుంది?