‘అతుకుల బొంత’ నింద ఎలా అయింది?

ప్రశ్న:
ఒక సంపాదకీయంలో ‘అతుకుల బొంత ప్రభుత్వం’ అన్న ప్రయోగం కనిపించింది. పాత బట్టలను పొరలుగా కలిపి కుట్టిన పక్కనో దుప్పటినో బొంత అంటాం. పనికొచ్చే వస్తువు పేరు ఇలా నిందగా ఎందుకు మారింది? ఇతర భాషల్లోనూ ఇలాగే జరిగిందా?

సమాధానం:
ముందుగా ‘అతుకు’ అన్న మాటను చూడాలి. ‘అతికినట్టు సరిపోయింది’ అంటే మెప్పు, ‘అతకని మాట’ అంటే ఆక్షేపణ. తెలుగువారి చెవికి అతకడం గుణం, అతకకపోవడమే దోషం. ఆ క్రియే నామమై, బహువచనమై, బొంత ముందు నిలిచేసరికి అర్థం తలకిందులైంది. సూది పట్టే చేతికీ కలం పట్టే చేతికీ మధ్య దూరం పెరగడమే దీనికి కారణమని నా అభిప్రాయం.

మాసిక, అంటే చిరుగుమీద అతుకు, వేయడమంటే తోచిన ముక్కను తోచినచోట కుట్టడం కాదు. పాత బట్ట ఎన్నో ఉతుకుల్లో కుదించుకొని ఉంటుంది. దానిమీద నీళ్లు తగలని కొత్త ముక్కను వేస్తే, తడిసి ఆరగానే ఆ ముక్క కుదించుకొని, చుట్టూ ఉన్న నలిగిన పోగులను తనవైపు లాగి చిరుగును మరింత పెద్దది చేస్తుంది. మార్కు సువార్తలో (2:21) యేసు చెప్పిన ఉపమానం సరిగ్గా ఇదే. అక్కడ దానికి వివరణ కూడా లేదు, వినేవారికి తెలిసిన సంగతే కాబట్టి. అందువల్ల మాసికకు అదే వయసు బట్టను వెదకి, పడుగుకు (నిలువు పోగుకు) పడుగు, పేకకు (అడ్డ పోగుకు) పేక సరిచూసి, అంచులను లోపలికి మడిచి కుట్టాలి. పేలికలను దాచిపెట్టుకోవడం పిసినారితనం కాదు, ఈ పనికి అవి ముడిసరుకు.

సంస్కృతంలో బొంతను కంథ అంటారు. భజగోవింద శ్లోకాలలోని ‘రథ్యాచర్పట విరచిత కంథః’ అన్న పాదంలో వీధి పేలికలతో కూర్చిన బొంత యోగికి గౌరవ చిహ్నం. బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలోని ‘పంసుకూలం’ అన్న మాటకు దుమ్ముకుప్ప నుండి ఏరి తెచ్చిన బట్ట అని అర్థం. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో, చుల్లవగ్గ అనే భాగంలో ఒక ముచ్చటైన సంభాషణ ఉంది. ఉదేన రాజు రాణులు బుద్ధుని శిష్యుడైన ఆనందుడికి ఐదువందల వస్త్రాలు దానం చేస్తే, ఇన్ని ఏం చేసుకుంటారని రాజు అడుగుతాడు. చీవరాలు (భిక్షువుల వస్త్రాలు) చిరిగిన భిక్షువులకు పంచుతామంటాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవో అని రాజు మళ్లీ అడుగుతాడు. అవి పక్కదుప్పట్లవుతాయి, అవి పాతబడితే పరుపు గలీబులు, ఆపైన నేలమీద పరిచే పట్టాలు, కాళ్లు తుడుచుకొనే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు అవుతాయి. చివరకు వాటినీ ముక్కలుగా కోసి, దంచి, మట్టిలో కలిపి నేల అలుకుతారు. రాజు ప్రసన్నుడై మరో ఐదువందలు ఇస్తాడు.

గ్రీకులో ఇతిహాసాలు గానం చేసేవారిని ‘రాప్సోడోస్’ అన్నారు, అంటే పాటలు కుట్టేవాడు. లాటిన్‌లో ‘కెంటో’ అంటే అతుకుల బట్ట, పరుల పాదాలను ఏరి కూర్చిన పద్యమూ అదే. నాలుగో శతాబ్దంలో ఔసోనియస్ అనే కవి, తనకు పూర్వుడైన లాటిన్ మహాకవి వర్జిల్ పాదాలతో అటువంటిది ఒకటి రాశాడు.

మీరు అడిగిన పతనానికి సరైన ఉదాహరణ ఇంగ్లీషులోని ‘షాడీ’ (shoddy). 1813 ప్రాంతంలో యార్క్‌షైర్‌లోని బాట్లీలో బెంజమిన్ లా పాత ఉన్ని గుడ్డలను చీల్చి పీచు చేసి, కొత్త ఉన్నితో కలిపి మళ్లీ వడికే పద్ధతిని నెలకొల్పాడు. ఆ సరుకు పేరే షాడీ. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు గుత్తేదారులు దానితో కుట్టి ఇచ్చిన సైనిక దుస్తులు కొద్ది రోజులకే విడిపోవడంతో, ఆ పేరు నాసిరకానికి పర్యాయపదమైంది. మోసం గుత్తేదారులది, అపకీర్తి మాత్రం బట్టది!

మరొక సభ్యుని అభ్యంతరం:
యోగికి కంథ గౌరవమే కావచ్చు, అది ఆయన కోరి కప్పుకొన్నది. గృహస్థు మాత్రం గతిలేక కప్పుకొన్నాడు. వాడుకలోని నిందకు మూలం ఆ పేదరికమే గాని, కుట్టుపని తెలియకపోవడం కాదు.

జవాబు:
మీ మాటను చాలావరకు ఒప్పుకుంటాను. ‘గంతకు తగ్గ బొంత’ అన్న సామెతలోనూ ఎగతాళి వినిపిస్తుంది, దాన్ని పుట్టించినవారు కుట్టుపని ఎరగనివారని అనలేను. అయితే సంపాదకీయాల ప్రయోగంలో ఉన్నది పేదరికపు స్పృహ కాదు, ముక్కలు కలిసి నిలవవన్న ఆరోపణ. బొంత విషయంలో అది అబద్ధం, అది నిలవడానికే కుట్టినది. ఒకరితో ఒకరికి పొసగని పక్షాల గురించి రాయదలిస్తే ‘అతకని పొత్తు’ అని రాయవచ్చు.