కూలర్ ఔట్‌లెట్ సిమ్యులేషన్‌లో 60, ప్లాంట్‌లో 73. తేడా ఎక్కడ?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక హైడ్రోకార్బన్ కూలర్‌ని డీడబ్ల్యూసిమ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తున్నాను. షెల్ వైపు (ట్యూబుల బయట) హైడ్రోకార్బన్, ట్యూబుల్లో కూలింగ్ వాటర్. డేటాషీట్ ప్రకారం గంటకి 20 టన్నులు 120 డిగ్రీల నుంచి 60కి చల్లబడాలి, నీళ్లు 32లో వచ్చి 42లో బయటికి పోవాలి. ఇప్పుడు 25 టన్నుల లోడ్ మీద ఔట్‌లెట్ 73 ఉంటోంది. నా మోడల్ మాత్రం లోడ్ ఎంత పెంచినా 60 దగ్గరే కూర్చుంది. ప్రాపర్టీ ప్యాకేజీ (ద్రవ ధర్మాలు లెక్కించే పద్ధతి) మార్చినా అంతే. సోమవారం మీటింగ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: 60 అని మీరే ఇచ్చి ఉంటారు, ఒకసారి చూసుకోండి. ఔట్‌లెట్ టెంపరేచర్ ఇచ్చేస్తే సాఫ్ట్‌వేర్ చేసేది వేడి లెక్క ఒక్కటే. ఆ వేడిని లాగే శక్తి ఎక్స్‌ఛేంజర్‌కి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. రెండు ఔట్‌లెట్లూ లెక్కించే మోడ్‌కి మార్చి, U (ఒక్కో చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి వేడి దాటే రేటు), ఏరియా మీరు ఇవ్వండి. ప్యాకేజీ జోలికి వెళ్లకండి. ద్రవం Cpలో (విశిష్టోష్ణంలో) వచ్చే చిన్న తేడాకి 13 డిగ్రీలు మారవు.

డిజైన్ పాయింట్ నుంచి UA (U, ఏరియాల లబ్ధం) తీద్దాం. Cp 2.4 అనుకుంటే డ్యూటీ, అంటే తీయాల్సిన వేడి, 800 కిలోవాట్లు. రెండు చివర్లలో తేడాలు 78, 28 కాబట్టి LMTD (లాగరిథమ్‌తో తీసే సగటు ఉష్ణోగ్రత తేడా) 48.8. అంటే UA దాదాపు 16.4 కిలోవాట్/కెల్విన్. Ft (ప్రవాహాలు పూర్తిగా ఎదురెదురుగా లేనందుకు వేసే సవరణ) ఇందులోనే కలిసిపోయింది, మళ్లీ విడిగా వేయకండి.

ప్రశ్న అడిగినవారు: నిజమే సర్, 60 నేనే ఇచ్చాను. 16.4 పెట్టి 25 టన్నులకి నడిపితే 67 వచ్చింది. మిగతా 6 డిగ్రీలు ఫౌలింగ్ (లోపల మురికి పేరుకోవడం) అని రాసేయొచ్చా?

జవాబు: ఆగండి. 67 కూడా సరైన పోలిక కాదు. ఫ్లో పెరిగితే U కూడా పెరుగుతుంది. షెల్ వైపు h (ద్రవానికీ ట్యూబు గోడకీ మధ్య వేడి దాటే రేటు) సుమారుగా ఫ్లోకి 0.55 ఘాతంలో పెరుగుతుందని కెర్న్ పద్ధతి చెబుతుంది. 1.25 రెట్ల ఫ్లోకి 13 శాతం అన్నమాట. మొత్తం నిరోధంలో ముప్పాతిక షెల్ వైపే ఉందనుకుంటే U 9 లేదా 10 శాతం పెరిగి, UA 18 అవుతుంది. అప్పుడు రావాల్సింది 65 లోపు. మీకొస్తున్న 73 నుంచి వెనక్కి లెక్కేస్తే UA 13.6. అంటే పోయింది ఆరు డిగ్రీలు కాదు, ఎనిమిది పైనే. UAలో దాదాపు పావు వంతు.

మరొకరు: బ్రదర్, కూలర్‌ని తప్పించి పంపే బైపాస్ వాల్వ్ ఉందా? అది కారుతూ, టెంపరేచర్ పాయింట్ రెండు లైన్లూ కలిసిన తర్వాత ఉంటే ఆ 73 కూలర్‌ది కాదు. ముందు అది చూడండి.

జవాబు: మంచి మాట. దానితోపాటు నీళ్ల ఔట్‌లెట్ కూడా కొలవండి, అసలు గుట్టు అక్కడే ఉంది. హైడ్రోకార్బన్ వదులుతున్న వేడి సుమారు 783 కిలోవాట్లు. నీళ్లు 42 దగ్గర ఉంటే గంటకి 69 టన్నుల డిజైన్ ఫ్లో వస్తున్నట్టే. 52 దగ్గర ఉంటే నీళ్లు సగమే వస్తున్నాయి, అప్పుడు ట్యూబులు కడిగించి లాభం లేదు. స్ట్రెయినర్, వాల్వ్ చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: బైపాస్ లైనే లేదు సర్. గేజ్‌లో నీళ్ల ఔట్‌లెట్ 42.

జవాబు: అయితే ఫౌలింగే. మీటింగ్‌లో 13.6ని 18తో పోల్చి చూపించండి, 16.4తో కాదు. ఏ వైపు పేరుకుందో మాత్రం ఈ లెక్క చెప్పదు. రెండు వైపులా ప్రెషర్ డ్రాప్ రీడింగులు దొరికితే ఇక్కడ పెట్టండి.