మీటరులో 12.6 ఉంటే బ్యాటరీ బాగున్నట్టేనా?

కారు యజమాని:
పొద్దున కీ తిప్పితే 'టక్' అంటోంది, ఇంజిన్ తిరగట్లేదు. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది. మెకానిక్ మాత్రం బ్యాటరీ మార్చాల్సిందే అంటున్నాడు. ఎవరిని నమ్మాలి?

కొత్త మీటరు కొన్నవాడు:
12.6 అంటే ఫుల్ ఛార్జ్. డబ్బులు దండగ చేయకండి. ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటార్ పోయి ఉంటుంది.

ఆటో ఎలక్ట్రీషియన్:
తమ్ముడూ, అంత తొందరగా తేల్చేయకు. 12.6 అనేది లోడ్ లేనప్పటి లెక్క. ప్లేట్లు పాడైన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు అంత చూపిస్తుంది. స్టార్టర్ వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది, అప్పుడు చూడాలి. యజమాని గారూ, నాబ్ 20 డీసీ వోల్ట్ మీద పెట్టి, మీటరు మొనలు వైర్ల చివర బిగించే క్లాంపులకు కాకుండా బ్యాటరీ మీది సీసపు దిమ్మెలకే ఆనించండి. ఇంకొకరిని కీ తిప్పమనండి. 9.6 కంటే కిందికి పడితే ముందు బ్యాటరీనే అనుమానించాలి. 12 దగ్గరే నిలబడితే మాత్రం కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. మీటరు మొన ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజిన్ లోహానికి పెట్టి మళ్లీ కీ తిప్పించండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ వైరు, అంటే నెగెటివ్‌ను ఇంజిన్‌కు కలిపే వైరు, తేడా. మీటరు వైరును దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి మాత్రం స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

గ్యారేజ్ మెకానిక్:
ఇవన్నీ చేస్తూ కూర్చుంటే మా రోజు గడవదు సార్. మన ఎండలకు మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ ఎప్పుడైనా చేతులెత్తేస్తుంది. మార్చేస్తే కస్టమర్‌కు టెన్షన్ ఉండదు.

ఆటో ఎలక్ట్రీషియన్:
ఎండకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందన్నది నిజమే అన్నా, కాదనను. కానీ లోపం వైరులో ఉంటే కొత్త బ్యాటరీ వేసినా ఆ 'టక్' పోదు. రెండు నిమిషాల పరీక్ష చేయకుండా మనిషి చేత వేలు ఖర్చు పెట్టించడం నాకు సరిగ్గా అనిపించదు.

కారు యజమాని:
చూశాను అన్నా. కీ తిప్పినప్పుడు బ్యాటరీ దగ్గర 12.1. ఇంజిన్‌కూ నెగెటివ్‌కూ మధ్య 4 వోల్టులు దాటింది! ఎర్త్ వైరు విప్పితే బోల్టు కింద పచ్చగా చిలుము. గీకి, శుభ్రం చేసి బిగించాను. మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.