‘పాలేటి’ ఇంటిపేరు: నది పాలేరా, జీతానికుండే పాలేరా?

కుందేలుపిల్ల
మాది పాలేటి వారు. మా వాడు ఆరో తరగతి. బడిలో ‘మా ఇంటిపేరు కథ’ అని రెండు పేజీలు రాసుకురమ్మన్నారు, సోమవారం ఇవ్వాలి. మామగారిని అడిగితే ‘అది నది పేరమ్మా’ అన్నారు. వంటింట్లోకి వచ్చాక అత్తగారు మెల్లగా ‘నదీ లేదు గిదీ లేదు, వీళ్ళ తాతలు ఎవరి దగ్గరో పాలేర్లుగా ఉండుంటారు, బడిలో మాత్రం రాయించకు’ అన్నారు. మా చుట్టాలు తప్ప ఈ ఇంటిపేరు వాళ్ళు నాకెక్కడా తగల్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఏటిగట్టు
నేనూ పాలేటివాణ్ణే. మీ మామగారు చెప్పిందే నిజం, ఇందులో రెండో మాటకి చోటు లేదు. ఏరు అన్న మాటకి వెనక ఇంకో మాట తగిలితే ఏటి అవుతుంది. ఏటి ఒడ్డు, ఏటి ఇసుక అంటాం, ఏరు ఒడ్డు అనం. 2024 సెప్టెంబరులో ఖమ్మంలో కాలనీలు మునిగినప్పుడు ‘మున్నేటి వరద’ అన్నారు కదా, అదే మున్నేరు. కొల్లేరు చెరువైనా కొల్లేటి చేపలు అంటాం. ఉలవపాడు దగ్గర మన్నేటికోట ఉంది, మన్నేరు పేరు మీద. చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో ఈ ఇ, టి, తి లను ఔపవిభక్తికాలన్నాడు, అంటే విభక్తికి ముందు మాట చివర వచ్చి చేరేవి. ఇల్లు ఇంటి అయినట్టే ఓరుగల్లు వాళ్ళు ఓరుగంటి వారయ్యారు, ప్రత్తిపాడు వాళ్ళు ప్రత్తిపాటి వారయ్యారు. పాలేరు ఒడ్డు వదిలి వేరే ఊరు పోయినవాళ్ళు పాలేటి వారు. ఉన్న ఊళ్ళో ఎవరూ ఆ ఊరి పేరుతో పిలవరు, వలస పోయాకే అది ఇంటిపేరవుతుంది.

ఇక పనివాడు అనే పాలేరుకి ‘టి’ రాదు. పాలేరు జీతం అంటాం, పాలేటి జీతం అని ఎవరైనా అనగా విన్నారా? మీ అత్తగారికి నమస్కారం చెప్పి ఈ ఒక్క ప్రశ్న అడగండి.

లెక్కలమాస్టారు
తొందరపడకండి. ‘ఏటి’ ఒక్క ఏరు నుంచే వస్తుందా? ఏడు, అంటే సంవత్సరం, దానికీ ఏటి వస్తుంది. ఏటికేడాది, ఏటి పంట. పాలు అంటే వాటా, దాయాదుల్ని పాలివాళ్ళు అనేది అందుకే. పాలేరు కుదిరేది ఏడాదికి. కాబట్టి పాలు + ఏటి, ఏడాదికింత వాటా మీద చేసేవాడు. అత్తగారి మాటా కొట్టిపారెయ్యలేం.

ఏటిగట్టు
మాస్టారూ, అది ఇంటిపేరు కాదు, పొడుపుకథ. పాలేరుగా ఉన్నవాణ్ణి ‘పాలేటివాడు’ అని ఏ ఊళ్ళో పిలిచారో చూపించండి. పని మీద వచ్చిన ఇంటిపేర్లు చూడండి, కరణం, తలారి, పూజారి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఆ లెక్కన ఇదీ ‘పాలేరు’ అనే ఉండాలి.

చిత్తూరోడు
మా వైపు పాలారు ఉంది, కర్ణాటక నందికొండల్లో పుట్టి కుప్పం మీదుగా తమిళనాడు పోతుంది. పాలారు వాళ్ళు కూడా పాలేటి వాళ్ళేనా మరి?

ఏటిగట్టు
అది తమిళ ఆఱు, అర్థం మాత్రం అదే, పాల నది. కానీ మన పాలేర్లే రెండున్నాయి. ఒకటి ఖమ్మం వైపుది, జగ్గయ్యపేట ప్రాంతంలో కృష్ణలో కలుస్తుంది. కూసుమంచి మండలంలో దాని మీదే సాగర్ ఎడమ కాలువ రిజర్వాయరు ఉంది, అసెంబ్లీ సీటుకి కూడా అదే పేరు. రెండోది ప్రకాశం జిల్లాది, నేరుగా సముద్రంలోకి పోతుంది. ఈ రెండు ఒడ్ల నుంచీ వేర్వేరుగా పాలేటి వాళ్ళు పుట్టి ఉంటారు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు.

సాయంత్రం
ఆ ముక్క మా పెద్దవాళ్ళకి ఎవరైనా చెబితే బాగుండు. మా చెల్లికి వచ్చిన సంబంధం, గోత్రాలు వేరు, జిల్లాలు వేరు, ఇంటిపేరు ఒక్కటే కలిసిందని వదిలేసుకున్నారు. అబ్బాయి బంగారం. ఇప్పటికీ బాధే.

మూడోసాలు
రెండు రోజులుగా చదువుతున్నా. ఏటిగట్టు గారి వ్యాకరణానికి వంక పెట్టను. కానీ ఇంటిపేర్లు చిన్నయసూరి రాయలేదు సార్, బడిపంతుళ్ళు, గుమస్తాలు రాశారు.

మాదీ పాలేటే. మా తాత పాలేరు. ఉగాదికి కుదిరితే మళ్ళీ ఉగాది దాకా, వడ్లు, రెండు జతల బట్టలు, ఒక జత చెప్పులు. మా నాన్న సర్టిఫికెట్ కోసం ఆయన చదివిన బడికి పోయి పాత రిజిస్టరు తీయించాను. అట్ట ఊడిపోయింది, మూలలు చెదలు తినేసింది. 1961 జూన్ పేజీలో మా వాడ పిల్లలు ఐదుగురున్నారు, నలుగురికి ఇంటిపేరు గడి ఖాళీ. మా నాన్నకి మాత్రం ‘పాలేటి’ అని ఉంది. పక్కన తండ్రి పేరు గడిలో అదే చేతిరాతతో ‘పాలేరు ఫలానా’ అని మా తాత పేరు. ఒకే వరసలో తండ్రి పాలేరు, కొడుకు పాలేటి. ఇప్పుడు చెప్పండి, మాది ఏ నది?

ఏటిగట్టు
ఇంటిపేరు, తండ్రి పేరు ఒకే సిరాతో ఉన్నాయా? చూసి చెప్పండి.

మూడోసాలు
ఇంటిపేరు కాస్త నల్లగా ఉంది. రెండోది నీలం.

ఏటిగట్టు
అదీ సంగతి. తర్వాతెప్పుడో ఎవరో పూరించారు. అది ఇంటిపేరు కాదండీ, రికార్డు తప్పు. ఇట్లాంటి తప్పుల వల్లే ఈమధ్య ఎవరు పడితే వాళ్ళు పాలేటి అని రాసుకుంటున్నారు, అసలైన వాళ్ళెవరో తెలియకుండా పోతోంది.

మూడోసాలు
ఎవరు పడితే వాళ్ళంటే ఎవరు సార్?

నా పెళ్ళి శుభలేఖ మీద, నా కూతురి ఆధార్ మీద, మా నాన్న సమాధి రాయి మీద ఉన్న పేరు ‘రికార్డు తప్పు’ అని మీరు సిరా రంగు చూసి తేల్చేస్తారా? మా తాత నలభై ఏళ్ళు మోసిన మాట అది. అది నదిలోంచి రాలేదు, కాడి మీంచి వచ్చింది.

ఏటిగట్టు
మీరు కోపంలో ఉన్నారు. నా సంగతి కూడా వినండి. హాస్టల్లో ఐదేళ్ళు నన్ను ఎవరూ పేరుతో పిలవలేదు. ‘ఒరే పాలేరూ, బకెట్ తే’, ‘పాలేరూ, ఫ్యాన్ వెయ్’. సార్లు కూడా నవ్వేవాళ్ళు. అప్పుడే లైబ్రరీలో కూర్చుని ఈ ఔపవిభక్తికాలన్నీ చదివాను. పాలేరు నుంచి పాలేటి రాదని నిరూపించడం నాకు సరదా కాదు.

మూడోసాలు
మిమ్మల్ని ఐదేళ్ళు అన్నారు, మా తాతని జీవితాంతం అన్నారు. మీకు అది తిట్టులా వినపడింది కాబట్టి వ్యాకరణం నేర్చుకున్నారు. మాకు దాన్ని తప్పించుకునే వ్యాకరణం లేదు.

లెక్కలమాస్టారు
ఒక్క చిన్న సందేహం. మీ తాతగారు ఎవరి దగ్గర ఉండేవారు? ఆ ఆసామి ఇంటిపేరేమిటి?

మూడోసాలు
పాలేటి.

చిత్తూరోడు
ఓర్నీ.

లెక్కలమాస్టారు
ఈ మాట మూడు రోజుల కిందట చెప్పి ఉంటే నా ఏడు, వాటా సిద్ధాంతం రాసే శ్రమ తప్పేది. ‘పాలేటి వారి పాలేరు’ కొడుకు బడికి వచ్చాడు, గడి ఖాళీగా ఉంది, పంతులు ఆసామి పేరు వేసేశాడు. అప్పుడు మాట ఏటి నుంచి వచ్చినట్టూ అవుతుంది, మీకు పాలేరుతనం వల్ల వచ్చినట్టూ అవుతుంది.

ఏటిగట్టు
చూశారా, చివరికి నదే.

మూడోసాలు
మీకు అదొక్కటే వినపడిందా? మా తాతకి ఆసామి ఇల్లు తప్ప వేరే గుర్తు లేదని అర్థం అది. గొడ్డుకి ముద్ర వేసినట్టు. ఇన్నాళ్ళూ నేను ఆ విషయం ఎందుకు చెప్పలేదో కాస్త ఆలోచించండి. పని పేరు మీద ఇంటిపేరు వచ్చిందంటే చెప్పుకోగలను, చెమట పేరు అది. యజమాని పేరు వచ్చిందని చెప్పుకోవాలంటే నోరు రాదు.

సాయంత్రం
ఏటిగట్టు గారూ, మీ వాళ్ళకి భూములుండేవా? ఊరికే అడుగుతున్నా.

ఏటిగట్టు
ఉండేవి. పాలేర్లు కూడా ఉండేవారు. అది ఈ చర్చకి సంబంధం లేని విషయం.

మూడోసాలు
అదే సార్ ఈ చర్చ.

నిర్వాహకుడు
కులాల పేర్లతో వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాను. ఇంటిపేరు వరకే మాట్లాడండి, లేదంటే తాళం వేస్తాను.

ఏటిగట్టు
మూడోసాలు గారూ, ‘రికార్డు తప్పు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘ఎవరు పడితే వాళ్ళు’ అన్నది కూడా. వ్యాకరణం మాత్రం తీసుకోను. పనివాడి పాలేరుకి టి రాదు.

మూడోసాలు
సరే సార్. రాదనే అనుకుందాం. నాకు వచ్చింది.

కుందేలుపిల్ల
అందరికీ థాంక్స్. ప్రాజెక్టు ఇచ్చేశాం. ఇక్కడ రాసినవన్నీ మా వాడికి చదివి వినిపించాను, పాలేరు అంటే ఏంటి, ఏడాది జీతం అంటే ఏంటి అని గంట సేపు అడిగాడు. చివరికి నది బొమ్మే గీశాడు, అది గీయడం తేలిక అంట. ఒడ్డున నాగలి పట్టుకున్న మనిషిని కూడా పెట్టాడు, నేను చెప్పలేదు. అత్తగారు చూసి ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు అంతే.

ఏటిగట్టు
సంతోషం. ఇంతకీ ఏ పాలేరు గీశాడు, ఖమ్మందా ప్రకాశందా? ఖమ్మందైతే రిజర్వాయరు కూడా ఉండాలి.