పున్నమి నాడు టెలిస్కోప్‌లో చంద్రుడు సున్నం కొట్టిన పళ్లెంలా ఉన్నాడు. ఏ తిథికి ఏం చూపించాలి?

పర్లాకిమిడి_మేడ (గజపతి జిల్లా):

బడిపిల్లలకు చంద్రుణ్ని చూపించడానికి 70/700 టెలిస్కోప్ ఉంది (70 మి.మీ. కటకం, 700 మి.మీ. నాభ్యంతరం). దాంతో 20, 10, 4 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు), 3 రెట్ల బార్లో (బొమ్మను ఇంకా పెద్దది చేసే కటకం), ఒక డయాగనల్ (చూపును పక్కకు మళ్లించే అద్దం) వచ్చాయి. పున్నమి నాడు పెడితే కళ్లు జిగేలుమనడమే తప్ప గోతులు, కొండలు ఏమీ తేలడం లేదు. 4 మి.మీ.కి బార్లో తగిలిస్తే అంతా పాలనీళ్లు. ఫోన్‌తో ఫొటో తీస్తే తెల్ల చుక్క.

తెలుగు పిల్లలు చందమామలో కుందేలు ఏదంటున్నారు, ఒడియా పిల్లలు జహ్నమామూలో చంద్రయాన్ ఎక్కడ దిగిందంటున్నారు. రెండూ చూపించొచ్చా? ఏ రోజు పెట్టాలి?

జయపురం_దుర్బిణి (కొరాపుట్ జిల్లా):

మాస్టారూ, మీ టెలిస్కోప్‌లో లోపం లేదు, మీరు ఎంచుకున్న రోజుదే లోపం. గోతులు, కొండలు కనిపించేది వాటి నీడల వల్ల. పున్నమి నాడు సూర్యుడు మన వీపు వెనకనుంచి చంద్రుడి మీద పడుతున్నట్టు లెక్క, నీడలన్నీ రాళ్ల వెనకే దాక్కుంటాయి. చూడాల్సింది వెలుగునీడల గీత దగ్గర. అక్కడ అప్పుడే తెల్లారుతూ ఉంటుంది కాబట్టి చిన్న గుట్టకు కూడా కిలోమీటర్ల పొడవు నీడ పడుతుంది.

ఆ గీత ఏ రోజు ఎక్కడుంటుందో తెలుసుకోవడానికి యాప్ అక్కర్లేదు, గోడకున్న పంచాంగం చాలు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి మీద పొద్దుపొడుపు గీత కూడా రోజుకు ఇంచుమించు 12 డిగ్రీలే జరుగుతుంది. కాబట్టి శుద్ధ తిథి సంఖ్యను 12తో హెచ్చవేసి 90 లోంచి తీసేయండి. ఆ తిథి ముగిసేసరికి చంద్రుడి మీద ఏ రేఖాంశం దగ్గర తెల్లారుతుందో వస్తుంది. పంచమికి 5×12=60, 90−60=30, అంటే 30 డిగ్రీల తూర్పు. దశమికి 120 వస్తుంది, 90 దాటింది 30 గనక 30 డిగ్రీల పడమర. బహుళ పక్షంలోనూ ఇదే లెక్క, కాకపోతే అది పొద్దుగుంకే గీత. చంద్రుడు మనవైపు కొద్దిగా అటూఇటూ ఊగుతుంటాడు (లిబ్రేషన్ అంటారు), దానివల్ల ఏడెనిమిది డిగ్రీల వరకు తేడా రావచ్చు. అంటే అరరోజు పైచిలుకు.

ఇక చూపించాల్సినవి:

తదియ నాడు క్రిసియం సముద్రం (పేరుకే సముద్రం, నల్లటి లావా మైదానం), దాని కింద లాంగ్రెనస్, పెటావియస్ బిలాలు. పెటావియస్ నడుమ కొండనుంచి గోడదాకా ఒక చీలిక ఉంటుంది, మీ 70 మి.మీ.లోనే దొరుకుతుంది. అయితే తదియ చంద్రుడు సూర్యాస్తమయం తర్వాత రెండు గంటల్లో దిగిపోతాడు, ఆలస్యం చెయ్యకూడదు. చవితీ మంచిదే. భాద్రపద చవితికి నీలాపనిందలని పిల్లల ఇళ్లల్లో భయపడితే ఆ ఒక్కటీ వదిలెయ్యండి, ఏడాదిలో ఇంకా పదకొండున్నాయి.

షష్ఠి నాడు థియోఫిలస్. 100 కిలోమీటర్ల బిలం, మధ్యలో కొండ, దాని గోడ పక్కనున్న సిరిల్లస్‌ను కొరికినట్టుంటుంది. ఏది ముందు పుట్టింది, ఏది తర్వాత అని పిల్లలచేతే చెప్పించడానికి ఇంతకన్నా మంచి జోడీ లేదు. అపోలో 11 దిగిన చోటు (1969 జులై 20) కూడా ఆ తిథిలోనే వెలుగులోకి వస్తుంది, అక్కడ మీకు కనిపించేది మాత్రం చదును నేలే.

అష్టమికి టాలెమేయస్, అల్ఫాన్సస్, అర్జాఖెల్ మూడు బిలాలూ వరసగా. నవమికి పండగే: టైకో, క్లేవియస్, ప్లేటో బిలాలు, తిన్నటి గోడ. ఆ చివరిది సుమారు 110 కిలోమీటర్ల పొడవున నేల ఒకవైపు కుంగడంవల్ల ఏర్పడిన మెట్టు. ఎత్తు కొన్ని వందల మీటర్లే, నిట్టనిలువు కూడా కాదు, వాలు. అయినా తెల్లారేటప్పుడు బ్లేడుతో గీసిన నల్ల గీతలా ఉంటుంది. బహుళ నవమి దగ్గర అదే తెల్ల గీత అవుతుంది.

దశమికి కోపర్నికస్. 93 కిలోమీటర్లు. పర్లాకిమిడినుంచి బరంపురానికి మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే దాదాపు అంతే వస్తుంది, పిల్లలకు అలా చెప్పండి. మెట్లు మెట్లుగా దిగే లోపలి గోడలు 70 రెట్లకే తెలుస్తాయి. ద్వాదశికి అరిస్టార్కస్.

పున్నమి పూర్తిగా దండగని కాదు. టైకోనుంచి నాలుగు దిక్కులకూ చిమ్మిన తెల్ల చారలు అప్పుడే బాగుంటాయి. కుందేలు కూడా అప్పుడే. దానికి టెలిస్కోప్ వద్దు, కన్ను చాలు. నెక్టారిస్, ఫెకుండిటాటిస్ సముద్రాలు చెవులు, ట్రాంక్విలిటాటిస్ తల, ఇంబ్రియం, ప్రొసెల్లారం కలిసి ఒళ్లు. అంతా లావా, చాలావరకు 300 కోట్ల ఏళ్లు దాటినదే.

బరంపురం_పంజి (గంజాం జిల్లా):

పై లెక్క సరే, పంచాంగం చదవడంలో ఇద్దరిలో ఒకరు పొరబడతారు. క్యాలెండరు గడిలో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. మీరు చూసేది సాయంత్రం ఏడింటికి. 'షష్ఠి ఉ. 9.20 వరకు' అని ఉంటే సాయంత్రానికి సప్తమి సగానికి దగ్గరపడినట్టే, థియోఫిలస్ లోపలి నీడ పలచబడిపోతుంది. ముగింపు సమయం చూసుకోండి. తిథి నిడివి కూడా ఒకేలా ఉండదు, సుమారు 20 గంటలనుంచి 26 గంటలదాకా మారుతుంది.

ఇంకోటి. మన ఇళ్లల్లో ఒడియా పంజి, తెలుగు పంచాంగం పక్కపక్కనే వేలాడుతుంటాయి. తెలుగు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా చాంద్రమాసం పున్నమితో. అందుకని బహుళ పక్షంలో నెల పేరు రెంటిలో ఒకటి కాదు. మన అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ, అదే రోజు వాళ్ల లెక్కలో కార్తిక కృష్ణ తృతీయ. తిథి మాత్రం ఒకటే. శుద్ధ పక్షంలో ఈ గొడవ లేదు, కుమార పున్నమి మనకూ ఆశ్వయుజ పున్నమే.

రాయగడ_లెన్స్:

4 మి.మీ., బార్లో రెండూ డబ్బాలో పెట్టి మూతెయ్యండి. కటకం మి.మీ.కి రెండు రెట్లు, అంటే 140 రెట్లు మీ హద్దు. 700ని 4తో భాగిస్తే 175, దానికి బార్లో తగిలిస్తే 525. వెలుగు చాలదు, గాలి అల్లాడటం కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది. చంద్రుడు మొత్తం కావాలంటే 20 మి.మీ. (35 రెట్లు), దగ్గరగా కావాలంటే 10 మి.మీ. (70 రెట్లు). పిల్లలు వరసలో నిలబడ్డప్పుడు 35 రెట్లే మేలు. 70 రెట్ల దగ్గర భూమి తిరగడంవల్ల రెండు మూడు నిమిషాల్లో చంద్రుడు బయటికి జారిపోతాడు, మూడో పిల్లకే నల్ల తెర.

డబ్బాలో ఐపీసుకు బిగించే 'సన్' ఫిల్టర్ ఉంటే పగలగొట్టి పారెయ్యండి. కటకం పోగేసిన వేడికి అది పగిలితే కన్ను పోతుంది. చంద్రుడికైతే కంటికి ప్రమాదం లేదు, జిగేలు మాత్రమే. 'మూన్' ఫిల్టర్ లేకపోతే లైటున్న గదిలోంచి వచ్చి చూసినా చాలు.

బొమ్మ అల్లాడటానికి సగం కారణం మీ మేడే. వేసవిలో స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పదిదాకా కక్కుతుంది. దాని మీదనుంచి, లేదా పక్కింటి రేకుల మీదుగా చూస్తే చంద్రుడి అంచు ఉడుకుతున్న అన్నంలా కదులుతుంది. మట్టి నేల, గడ్డి ఉన్న చోటు వెతకండి. టెలిస్కోప్‌ను అరగంట ముందే బయట పెట్టండి. తదియ, చవితులకు తప్పదు గానీ, మిగతా రోజుల్లో చంద్రుడు 30 డిగ్రీలకన్నా కిందుంటే పిల్లలను ఆపండి.

ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగకండి. మధ్యలో మూడు నాలుగు కిలోల ఇసుక సంచి వేలాడదీస్తే వణుకు తగ్గుతుంది. ఫైండర్‌ను (గొట్టం మీద గురి చూసుకునే చిన్న దుర్బిణిని) పగటిపూటే, సూర్యుడున్న వైపు కాకుండా, కిలోమీటరు దాటి ఉన్న సెల్ టవర్ మీద సరిచెయ్యండి.

చలికాలం మంచు కటకం మీద పడితే కండువాతో తుడవొద్దు, గీతలు పడతాయి. లోపలికి తెచ్చి మూత తీసే ఉంచి, ఆరాకనే మూతపెట్టాలి. తడితో మూస్తే బూజు పడుతుంది. సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్ వైపు వాళ్లకు ఇది మరీ ఎక్కువ, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారగానే కొత్తవి పెట్టాలి.

జయపురం_దుర్బిణి:

నెల గురించి మరిచాను. అష్టమి చంద్రుడు మాఘ, ఫాల్గుణాల్లో నడినెత్తికి వస్తాడు, భాద్రపద, ఆశ్వయుజాల్లో దక్షిణాన కిందుగా ఉంటాడు. బడి కార్యక్రమానికి ఫిబ్రవరి, మార్చి నెలలే పెట్టుకోండి. ఆకాశమూ తేటగా ఉంటుంది, నెలవంక పడవలా వెల్లకిలా ఉండేదీ ఆ రోజుల్లోనే. మరీ నడినెత్తిన ఉంటే మాత్రం గొట్టం ట్రైపాడ్‌కు తగులుతుంది, గంట ఆగితే సరి.

సిరొంచ_ఒడ్డు (గడ్చిరోలి జిల్లా):

ఫొటో సంగతి నేను చెప్తాను. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, ఐపీసుకు బిగించే అడాప్టర్ తీసుకోండి. 20 మి.మీ. ఐపీసే వాడండి. ఫోన్ కెమెరాను ఐపీసు మధ్యకు తేవడమే అసలు పని, రెండు మి.మీ. పక్కకు పోయినా ఒకవైపు నల్లగా కోసుకుపోతుంది. రెండు మూడు కెమెరాలున్న ఫోనైతే మెయిన్ కెమెరా మీదే పెట్టండి. జూమ్ నొక్కితే కొన్ని ఫోన్లు వేరే కెమెరాకు మారిపోతాయి, తెర నల్లబడుతుంది.

తెల్ల చుక్క రావడానికి కారణం: చుట్టూ నల్లగా ఉందని ఫోన్ వెలుగు పెంచేస్తుంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/125 దగ్గర మొదలెట్టండి. పున్నమికి 1/250, అష్టమికి 1/60 కావచ్చు. సగం చంద్రుడి వెలుగు నిండు చంద్రుడిలో సగం కాదు, పదో వంతు దగ్గర. ప్రో మోడ్ లేకపోతే చంద్రుడి మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కిందికి లాగండి. టైమర్ 3 సెకన్లు పెట్టండి, వేలు తగిలిన కుదుపు ఆగుతుంది. 'మూన్ మోడ్' ఆపెయ్యండి, కొన్ని ఫోన్లు అందులో తమ దగ్గరున్న వివరాలు కలిపి అలంకరిస్తాయి. పిల్లల ప్రాజెక్టుకు అది నిజాయితీ కాదు.

ఇంకా బాగా కావాలంటే నిమిషం వీడియో తియ్యండి. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 1,800 బొమ్మలు. పీఐపీపీ (PIPP) అనే ప్రోగ్రామ్‌లో ఏవీఐ రకం వీడియోగా మార్చి, బొమ్మలను ఏరి కలిపే ఆటోస్టాకర్ట్ (AutoStakkert)లో వేసి, మంచివి 15 శాతం మాత్రం కలపమంటే గాలి కదలిక చాలావరకు పోతుంది. రెండూ ఉచితమే, విండోస్ కంప్యూటర్ కావాలి.

పర్లాకిమిడి_మేడ:

అందరికీ దండాలు. నవమి పెడుతున్నాం. మరి చంద్రయాన్ చోటు?

బరంపురం_పంజి:

విక్రమ్ ల్యాండర్ కనిపించదు, పిల్లలకు ముందే చెప్పెయ్యండి. అది సుమారు 2 మీటర్లు. చంద్రుడు సగటున 3,84,400 కి.మీ. దూరం. మీ 70 మి.మీ. కటకం విడదీయగలిగేది అక్కడ 3 కి.మీ. ఉన్నవాటిని. 2 మీటర్లు విడిగా తేలాలంటే 100 మీటర్లు దాటిన కటకం కావాలి. ఆ ఫొటోలు చంద్రయాన్-2 ఆర్బిటర్ లాంటివి చంద్రుడి దగ్గరే తిరుగుతూ తీసినవి.

చోటు మాత్రం చూపించొచ్చు. 69.37 దక్షిణం, 32.32 తూర్పు. విక్రమ్ 2023 ఆగస్టు 23న దిగింది, ఆ సాయంత్రం నిజ శ్రావణ శుద్ధ సప్తమి. అక్కడ తెల్లారిన కొద్ది కాలానికే దింపారు, సౌరఫలకాలకు ఒక చంద్ర పగలు, అంటే మన 14 రోజులు, మొత్తం దొరకాలని. ఏ నెలలోనైనా సప్తమి నాడు చూస్తే అక్కడ ఎండ ఇంచుమించు అదే వాలులో ఉంటుంది. అందుకని నవమికి రెండు రోజుల ముందు ఇంకోసారి పెట్టండి.

దారి: థియోఫిలస్‌నుంచి అదే రేఖాంశం పట్టుకుని దక్షిణానికి దిగండి. అంచు దగ్గర మ్యూటస్, మాంజినస్ రెండు బిలాలు జంటగా ఉంటాయి. మాంజినస్ 98 కి.మీ. వెడల్పు, అంచున ఉండటంవల్ల గుండ్రంగా కాక కోడిగుడ్డులా నొక్కుకుపోయి కనిపిస్తుంది. దాని ఆగ్నేయపు గోడ దాటాక ఉన్న ఎగుడుదిగుడు నేలే శివశక్తి, అంటే విక్రమ్ దిగిన చోటు. దక్షిణ ధ్రువం మనవైపు వాలి ఉన్న నెలల్లో సులువు, అవతలికి వాలి ఉంటే మాంజినస్ గీతలా సన్నబడిపోతుంది.

రాయగడ_లెన్స్:

మ్యాపు పట్టుకుని వెతికేముందు ఒకటి. డయాగనల్‌లో పైకిందులు సరిగానే ఉంటాయి, కుడిఎడమలు తారుమారవుతాయి. మామూలు కంటికి కుడివైపున్న క్రిసియం ఐపీసులో ఎడమవైపుంటుంది. పుస్తకంలో మ్యాపును ఫోన్‌లో ఫొటో తీసి, ఎడిట్‌లో అడ్డంగా 'ఫ్లిప్' చేసి పిల్లలకు ఇవ్వండి. ఫోన్ ఫొటోలు కూడా అలాగే తిరగబడి వస్తాయి, గోడకు అంటించేముందు వాటినీ ఫ్లిప్ చెయ్యాలి.

పర్లాకిమిడి_మేడ:

ఇదేటో అనుకున్నాం! మొన్న మ్యాపులో కుడివైపు చూపిస్తే పిల్లలంతా 'ఎడమకుంది సార్' అన్నారు. అయితే వాళ్లదే రైటన్నమాట.