గోడలో గీజర్ పైపు చీలింది: కాక్ కట్టినా నీళ్లు ఆగట్లేదు

ప్రశ్న

బాత్‌రూమ్ గోడలోపల గీజర్ నుంచి షవర్ మిక్సర్‌కి దిగే ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్) పైపు, ఎల్బోకి (మలుపు ముక్కకి) జానెడు కింద పొడవునా చీలింది. చీలిక రెండు అంగుళాలు కనబడుతోంది. గీజర్‌లోకి నీళ్లు వెళ్లే కాక్ కట్టేశాను, అయినా సన్నగా కారుతూనే ఉంది. మిద్దె మీద ట్యాంకు గేట్ వాల్వు ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోవట్లేదు. ఎం-సీల్ పెడితే నిలవట్లేదు. నీళ్లు పూర్తిగా ఆపేదెలా? చీలిన మేరకు కోసి యూపీవీసీ (చన్నీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) ముక్క వేయొచ్చా? పైపు అటూ ఇటూ గోడలో బిగుసుకుని ఉంది, ముక్క దూర్చేదెలా?

జవాబు 1

ముందు గీజర్ ఎంసీబీ (మీటరు బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించేయండి. లోపలికి నీళ్లు రాక గీజర్ ఖాళీ అయి, కరెంటు మాత్రం ఉంటే నీళ్లు కాచే ఎలిమెంట్ కాలిపోవచ్చు. తడిసిన గోడలో స్విచ్‌బోర్డు ఉంటే దాని ఎంసీబీ కూడా దించండి, పొడి చేత్తోనే.

కాక్ కట్టాక కూడా వేడినీళ్ల పైపులోకి నీళ్లు వస్తున్నాయంటే, కాక్ వాషర్ అరిగి ఉండాలి, లేదా చన్నీళ్లు మిక్సర్ గుండా అటువైపు దాటుతూ ఉండాలి. రెండోది చాలామందికి తట్టదు. మిక్సర్ రెండు నాబులూ తెరిచే ఉంచి చేతి షవర్ దగ్గర మాత్రమే నీళ్లు ఆపితే, చన్నీళ్లు వేడి పైపులోకి ఎక్కుతాయి. రెండు నాబులూ గట్టిగా కట్టి పది నిమిషాలు చూడండి. ధార ఆగితే ఇక ఎం-సీల్ లాంటి తాత్కాలిక అతుకు అవసరమే లేదు. గీజర్ కాక్, మిక్సర్ నాబులూ అలాగే కట్టి ఉంచితే రిపేరు అయ్యేదాకా ఇంట్లో మిగతా చన్నీళ్లు మామూలుగా వాడుకోవచ్చు.

ఆగకపోతే ట్యాంకు దగ్గరే ఆపాలి. గేట్ వాల్వు లోపల బిళ్ళ కూర్చునే గాడిలో సున్నం, ఇసుక చేరితే అది పూర్తిగా దిగదు. రెంచి వేసి బలవంతం చేయకండి, స్పిండిల్ (తిప్పే కడ్డీ) విరిగితే వాల్వు తెరుచుకోదు, మూసుకోదు. పూర్తిగా తెరిచి మూయడం మూడు నాలుగు సార్లు చేస్తే వచ్చే ధారకే చెత్త కొట్టుకుపోవచ్చు. అయినా కుదరకపోతే మోటారు ఆపి, చెక్క బిరడాకు మందపాటి గుడ్డ చుట్టి, ట్యాంకు లోపలి నుంచి అవుట్‌లెట్‌లో బిగించండి. బిరడాకు తాడు కట్టి పైకి వదలండి. ఉత్త గుడ్డ పెడితే నీళ్లు దాన్ని పైపులోకి లాగేస్తాయి, అప్పుడు ఒక సమస్య రెండవుతుంది. తర్వాత ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న ట్యాప్ తెరిచి లైను ఖాళీ చేయండి.

ఎం-సీల్ కారే నీళ్ల మీద అతకదు. టెఫ్లాన్ టేపు మరలకే, చీలికకు పనికిరాదు.

జవాబు 2

యూపీవీసీ ముక్క వేడినీళ్ల లైన్లో వద్దండి. వేడికి మెత్తబడి ఉబ్బుతుంది. అతకడానికి కూడా సీపీవీసీ సాల్వెంట్ సిమెంటే (ప్లాస్టిక్ పైపులు అతికే జిగురు) కావాలి, యూపీవీసీది పనికిరాదు.

చీలిన మేరకే కోయడం పెద్ద పొరపాటు. కంటికి కనపడని వెంట్రుక పగులు ఇంకా ముందుకు పోయి ఉంటుంది. చీలిక రెండు కొసల నుంచీ రెండేసి అంగుళాలు వదిలి కోయండి. అంటే మీకు ఆరు అంగుళాల ముక్క పోతుంది. కోత పైపుకు సరిగ్గా అడ్డంగా, వాలు లేకుండా ఉండాలి. హాక్సా పొట్టు, లోపలి అంచు గరుకు తీసేసి, బయటి అంచును కాస్త ఏటవాలుగా రుద్దండి. ఆ అంచు పదునుగా ఉంటే కప్లర్ (రెండు పైపులను కలిపే పొట్టి గొట్టం) లోపల సిమెంటును ముందుకు నెట్టేసి జాయింట్ పొడిగా మిగులుతుంది. ఆ తర్వాత లీకైతే సిమెంటు మంచిది కాదనుకుంటారు.

ముప్పావు పైపు కప్లర్‌లోకి సుమారు 18 మి.మీ. దిగుతుంది. పైపు మీద పెన్నుతో ఆ గీత పెట్టుకోండి. సిమెంటు లేకుండా దూర్చి చూస్తే మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా దిగి బిగుసుకోవాలి. వదులుగా అడుగుదాకా జారిపోతే ఆ కప్లర్ మార్చండి. పైపుకు నిండుగా సమంగా, కప్లర్‌కు పలచగా పూసి, వెంటనే దూర్చి పావు వంతు తిప్పి, అర నిమిషం అదిమి పట్టుకోండి. వదిలేస్తే పైపు వెనక్కి వచ్చేస్తుంది. చుట్టూ సిమెంటు సన్నని పూసలా కనబడాలి. పైపులో ఒక్క చుక్క నీరు జారుతున్నా జాయింట్ నిలవదు.

ఇక ముక్క దూర్చడం. రెండు చివర్లూ కదలకపోతే రెండో కప్లర్ ఎక్కదు. బయటి పైపైతే అక్కడ యూనియన్ (నట్టుతో విప్పి బిగించే జాయింట్) వేస్తాం, సిమెంటు పూయకముందే నట్టు పైపులోకి ఎక్కించుకోవాలి. గోడలో పూడ్చే చోట మాత్రం యూనియన్ పెట్టకండి, దాని రబ్బరు రింగు ఎప్పటికైనా మార్చాల్సిందే. మీకు ఎల్బో దగ్గరలోనే ఉండటం కలిసొచ్చింది. ఎల్బో అవతలి అడ్డ పైపు చుట్టూ రెండు అడుగుల మేర గోడ గాడి విప్పితే, ఎల్బో ఆ 18 మి.మీ. పైకి లేస్తుంది. కింది జాయింట్ ముందు అతికించి, చివర్లో ఎల్బో వైపుది లేపి దించండి.

ప్రశ్న అడిగినవారు

మిక్సర్ నాబులు కట్టాక ధార ఆగింది, ధన్యవాదాలు. అసలు అక్కడే ఎందుకు చీలింది? ట్యాంకు ఒక్క అంతస్తు పైనే ఉంది కదా.

జవాబు 3

పది మీటర్ల ఎత్తు నీళ్లకు దాదాపు ఒక బార్ ఒత్తిడి. మీ ఇంట్లో అంతకూడా ఉండదు, కాబట్టి ట్యాంకు ఒత్తిడికి చీలదు. మధ్యలో ప్రెషర్ పంపు ఉందేమో చూడండి. సీపీవీసీ మీటరుకు పది డిగ్రీలకు సుమారు 0.65 మి.మీ. పెరుగుతుంది. మూడు మీటర్ల పైపు 25 నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 8 మి.మీ. సాగుతుంది. రెండు వైపులా గోడ సిమెంటులో బిగించేస్తే ఆ సాగుడంతా ఎల్బో దగ్గరే పడుతుంది. గీజర్ థర్మోస్టాట్ (వేడిని అదుపుచేసే భాగం) పనిచేయక నీళ్లు మరిగినా ఇదే గతి, సీపీవీసీ నిరంతర వాడకానికి హద్దు 82 డిగ్రీలు. ముక్క మార్చేముందు థర్మోస్టాట్ చూపించుకోండి. ఎల్బో చుట్టూ ఫోమ్ చుట్టి పూడ్చితే పైపుకు కదిలే చోటు ఉంటుంది. ఆ ఫోమ్ సీపీవీసీకి పడేదేనని చూసి కొనండి, ప్లాస్టిసైజర్ (మెత్తదనం కోసం కలిపే రసాయనం) ఉన్న మెత్తటి పీవీసీ వస్తువులు తగిలితే కూడా పగుళ్లు రావచ్చు.

జవాబు 2

ఒక మాట మరిచాను. జాయింట్లు రాత్రంతా ఆరనిచ్చి, గాలిపోయేలా మిక్సర్ తెరిచి మెల్లగా నీళ్లు నింపండి. గీజర్ వేరుచేసి, కొసలు మూసి, టెస్ట్ పంపుతో 10 బార్ ఒక గంట ఉంచితే మంచిది. గాలితో మాత్రం టెస్ట్ చేయకండి, జాయింట్ ఊడితే ప్లాస్టిక్ ముక్కలు ఎగిరి తగులుతాయి. గోడ గాడిని మరుసటి రోజు దాకా తెరిచే ఉంచి, జాయింట్ల కింద పొడి కాగితం పెట్టి చూశాకే పూడ్చండి.