బెంగళూరు ఇంటికి గ్యాస్ హీటింగ్ స్టవ్: పొగగొట్టం ఉన్నదా, లేనిదా, అసలు కావాలా?

సర్జాపుర్_రోడ్డు:
అందరికీ నమస్కారం. మాది ఇండిపెండెంట్ ఇల్లు. కింద హాలు, దాని పక్కనే అమ్మానాన్నల గది. చలికాలం వాళ్ళు అనంతపురం నుంచి వచ్చి మాతోనే ఉంటారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, తెల్లవారుజామున గ్రానైట్ నేల మీద అడుగు పెట్టలేకపోతున్నారు. అమెరికాలో మేం అద్దెకున్న ఇంట్లో హాల్లో విడిగా నిలబెట్టే గ్యాస్ స్టవ్ ఉండేది. గాజు వెనక మంట, గోడలోంచి బయటికి పైపు. అలాంటిది ఇక్కడ పెట్టిద్దామని వెళితే, షాపువాళ్ళు పైపే అక్కర్లేని, చక్రాల మీద కదిలే హీటర్ చూపించారు. వెనక సిలిండర్ పెడితే చాలన్నారు. ఏది తీసుకోమంటారు?

హొరమావు_శ్రీకాకుళం:
ఏదీ వద్దండీ. జనవరి రాత్రి 15, 16 డిగ్రీలు ఉండే ఊరిది. ఈ ఊరి చలి రికార్డే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. కిటికీల సందులు మూయించండి, నేల మీద మందపాటి తివాచీ పరిపించండి, నాన్నగారికి ఉన్ని సాక్సులు కొనండి. మంట దాకా ఎందుకు?

జయనగర్_పాతకాపు:
తివాచీ మాట మంచిదే. కానీ పెద్దవాళ్ళ విషయంలో ‘ఊరు చల్లనిది కాదు’ అని కొట్టిపారేయకండి. చలి నెలల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది, వయసు మళ్ళినవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువే కావచ్చంది. మన ఇళ్ళు ఎండని తట్టుకోడానికి కట్టినవి. ఒంటి గాజు కిటికీలు, వెంటిలేటర్లు, రాతి నేల. ఎండ తగలని గది రాత్రంతా చల్లబడుతూనే ఉంటుంది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే.

గ్యాస్‌లైన్_పని:
నేను గ్యాస్ లైన్లు వేసే పనిలో ఉన్నాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. స్టవ్ అందం, కంపెనీ పేరు తర్వాత. మండిన గాలి ఎక్కడికి పోతుందన్నది ముందు చూడండి.

కిలో ఎల్పీజీ మండితే సుమారు 1.6 లీటర్ల నీరు ఆవిరిగా, 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. చక్రాల హీటర్లు సాధారణంగా 4.2 కిలోవాట్లవి. వాటిలోని మూడు మంట పలకలూ వెలిగిస్తే గంటకు 300 గ్రాముల పైన గ్యాస్ తాగుతాయి. అంటే గంటకు అర లీటరు నీళ్ళు గది గాలిలో కలుస్తాయి. వారం తిరక్కుండా కిటికీ గాజుల మీద చెమట, బీరువా వెనక బూజు. అది చిన్న ఇబ్బంది. తలుపులు మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గాలి ఆడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల ఇదే ఊళ్ళో మనుషులు చనిపోయారు. పాత రోజుల్లో కుంపటి పెట్టి తలుపులు మూసుకోవద్దని పెద్దలు చెప్పింది కూడా దీని గురించే.

అమెరికాలో మీరు చూసింది వేరే జాతి. దాని మంట గాజు వెనక పూర్తిగా మూసి ఉంటుంది. బయటి గాలి పీల్చుకుని, కాలిన గాలిని బయటికే వదులుతుంది. ఇంటి గాలితో దానికి పని లేదు. పొగగొట్టం లేని హీటర్లని కాలిఫోర్నియాలో ఇళ్ళల్లో అసలు ఒప్పుకోరు. నా మాట అడిగితే, గోడకి రంధ్రం పెట్టడానికి సిద్ధమైతేనే గ్యాస్ గురించి ఆలోచించండి.

కుందలహళ్ళి_కర్నూలు:
అన్నా, మరీ భయపెడుతున్నారు. చక్రాల హీటర్లలో ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్ ఉంటుంది కదా. ఇంగ్లండ్‌లో ఎన్నో ఇళ్ళల్లో వాడతారు. కరెంటు పోయినా పనిచేస్తుంది. హాలు పెద్దది, కిటికీ కాస్త తెరిచి పెడితే సరిపోదా?

గ్యాస్‌లైన్_పని:
తమ్ముడూ, ఆ సెన్సర్ చూసేది ఆక్సిజన్‌ని, మోనాక్సైడ్‌ని నేరుగా కాదు. బర్నర్‌లో దుమ్ము చేరితే, ఆక్సిజన్ సరిపడా ఉన్నా మంట పాడవుతుంది. కిటికీ తెరిచి పెట్టమని వాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది, నిజమే. కానీ చలికి తాళలేని పెద్దాయన అర్ధరాత్రి లేచి ఆ కిటికీ మూసేస్తారు. మనం కాదు కదా అక్కడ కాపలా ఉండేది. పైగా సిలిండర్ కూడా పడకగది పక్కకే వస్తుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. పగలు, తలుపులు తీసిన హాల్లో, మనిషి ఎదురుగా ఉండి కాసేపు వాడతానంటే నేను వాదించను. నిద్రపోయే చోట మాత్రం ఒప్పుకోను.

లెక్కల_మేడమ్:
ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. సిలిండర్ 900 రూపాయలనుకుంటే 14.2 కిలోల గ్యాస్‌లో కరెంటు యూనిట్లలో చెప్తే దాదాపు 180 యూనిట్ల వేడి. యూనిట్ 5 రూపాయలు పడుతుంది. పైపు ఉన్న స్టవ్ అందులో కొంత బయటికి పారేస్తుంది, పైపు లేనిదానికి తెరిచిన కిటికీ పారేస్తుంది. కరెంటుతో నడిచే ఆయిల్ హీటర్‌కి పన్నులతో కలిపి 6, 7 రూపాయలు. వేడి కూడా ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, అంటే 2 రూపాయల చిల్లర. మన బెంగళూరు చలికి దాని పని ఇంకా తేలిక. అన్నిటికంటే సురక్షితం కూడా. ఒక్క జాగ్రత్త: ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద ఉన్నవాళ్ళు 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి.

జయనగర్_పాతకాపు:
లెక్క ఒప్పుకుంటాను మేడమ్. కానీ ఏసీ వేడి గాలి పైకి పోతుంది, కాళ్ళ దగ్గర చలి అలాగే ఉంటుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎదురుగా తగిలే వేడి కావాలి. అందుకే నాకు పైపు ఉన్న స్టవ్ మీద మనసు పోతుంది.

గ్యాస్‌లైన్_పని:
మనసు పోతే చిన్నది చూడండి. అమెరికా స్టవ్‌లు చాలావరకు 20 వేల నుంచి 40 వేల బీటీయూలవి, అంటే 6 నుంచి 12 కిలోవాట్లు. మన హాలుని నాలుగైదు డిగ్రీలు పెంచడానికి అంత అక్కర్లేదు. పెద్దది పెడితే నిమిషాల్లో ఉక్కపోసి ఆపేయాల్సి వస్తుంది. మంట బాగా తగ్గించగలిగేది తీసుకోండి. ఇంకోటి, ఇంటికి గెయిల్ గ్యాస్ పైపు లైన్ ఉందా, సిలిండరా అన్నది ముందే చెప్పండి. రెండిటికీ జెట్లు వేరు, ప్రెషర్ వేరు. ఒకదాని కోసం చేసిన స్టవ్‌కి రెండోది కలిపితే ప్రమాదం.

సర్జాపుర్_రోడ్డు:
అందరికీ ధన్యవాదాలు. చక్రాల హీటర్ ఆలోచన మానేశాను. అమ్మానాన్నల గదికి వేడి ఇచ్చే ఏసీ, నేల మీద తివాచీ ఈ వారంలోనే. హాల్లో పైపు ఉన్న స్టవ్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఇక్కడ గ్యాస్ పైపు లైన్ ఉంది. గోడకి రంధ్రం ఎక్కడ పెట్టించాలి?

గ్యాస్‌లైన్_పని:
పొగగొట్టం బయటి మూతి ఏ కిటికీకీ, వెంటిలేటర్‌కీ దగ్గర రాకూడదు, ఎంత దూరమో స్టవ్ పుస్తకంలో ఉంటుంది. పక్కింటి కిటికీ కూడా చూడండి. గ్యాస్ కంపెనీకి చెప్పకుండా లైన్ ముట్టుకోవద్దు. గోడలో బీమ్ ఎక్కడుందో ఇల్లు కట్టిన ఇంజినీరుతో గుర్తు పెట్టించుకున్నాకే గోడకి రంధ్రం కొట్టే కోరింగ్ వాళ్ళని పిలవండి.